బెల్లం పెట్టారు, రక్తం చూడలేదు

ఈ మధ్య ఇబ్రహీంపట్నంలో ఎవరు ఎదురుపడ్డా "రంగు తేలినవ్ యాదగిరీ, మంచిగైనవ్" అంటున్నారు. సంతోషమే. కానీ ఏ జబ్బు నుంచి మంచిగయ్యానో అడిగేవాళ్లు తక్కువ. కడుపులో పుండు అని కొందరు, తాగుడు మానేశాడు అందుకే తేరుకున్నాడని కొందరు అనుకుంటున్నారు. నేను జన్మలో కల్లు ముంత ముట్టినవాణ్ని కాను. అందుకే అసలు సంగతి నా చేత్తోనే రాసి పెడుతున్నాను. కొన్నాళ్లు ఈ చెయ్యి పెన్ను కూడా పట్టలేదు కాబట్టి, రాస్తుంటే దానికీ కాస్త కసరత్తు.

బోరు ఎండిపోయి సేద్యం గిట్టుబాటు కాక నేను రావిర్యాల వైపున్న ఒక షెడ్డులో పనికి కుదిరాను. అక్కడ బ్యాటరీల్లోకి పోయే సీసం పలకలు తయారవుతాయి. మేం పలకల అంచులు గీకి, బ్రష్షుతో తుడిచి, దొంతర్లు పెట్టేవాళ్లం. సాయంత్రానికి మా మొహాలు, మీసాలు, కనుబొమలు అన్నీ బూడిదరంగు. ఒకరినొకరు చూసుకుని "ఏం తాతా" అని నవ్వుకునేవాళ్లం. నా బామ్మర్ది శ్రీనును కూడా నేనే అక్కడ పెట్టించాను. స్వప్నతో పెళ్లై ఏడాది, నాదర్‌గుల్‌లో గది తీసుకుని ఉంటున్నాడు, ఏదో ఒక పని కావాలి పిల్లగాడికి.

మా షెడ్డుకు ఒక ఆచారం ఉంది. చాయ్ వేళకు మా పెద్దమనిషి మల్లన్న బెల్లం పంచుతాడు. కంపెనీయే బెల్లం పంపిస్తుంది. దుమ్ము పనిచేసేవాడు బెల్లం తింటే దుమ్మంతా కడుక్కుపోతుందని అందరి నమ్మకం. మల్లన్న కత్తితో ముక్కలు కొట్టి ఒక్కొక్కరి అరచేతిలో పెట్టేవాడు. "తినుర్రి రా, లోపలున్నదంత సాఫైతది" అనేవాడు. మా అరచేతులు ఏ రంగులో ఉండేవో చెప్పాను కదా. బెల్లం ముక్క మీద మా వేలిముద్రలు నల్లగా పడేవి. ఆ ముద్రలతో సహా చప్పరించి తిన్నాం. షెడ్డు బయట ఒక్క నల్లా ఉండేది, అది కూడా క్యాన్లు నింపడానికే. చేతులు కడుక్కుని రమ్మని అన్నవాడు లేడు, మాకూ తోచలేదు.

ఏడాదికోసారి ఆఫీసులో పనిచేసేవాళ్లకు డాక్టర్ వచ్చి బీపీ, షుగరు, కళ్లు చూసి పోయేవాడు. మాకెందుకు చూడరని ఒకసారి అడిగితే మేనేజర్ "మీరు కాంట్రాక్టర్ మనుషులు, ఆయన్నడగండి" అన్నాడు. కాంట్రాక్టర్‌ను అడిగితే "షెడ్డు కంపెనీది, వాళ్లనడుగు" అన్నాడు. రోలు వెళ్లి మద్దెలతో మొర పెట్టుకున్నట్టయింది. మల్లన్న మాత్రం మమ్మల్ని ఓదార్చాడు. "వాళ్లకు సూదులు, మనకు బెల్లం. ఎవలు మంచిగున్నరో చూడుర్రి" అన్నాడు. అందరం నవ్వాం.

ఉగాది దాటాక మొదలైంది. ముందు నోట్లో ఒక రుచి, పిల్లప్పుడు రూపాయి బిళ్ల చప్పరించినప్పటి రుచి. ఏం తిన్నా అదే. తర్వాత ఆకలి చచ్చిపోయింది. ఆ తర్వాత కడుపునొప్పి. మామూలు నొప్పి కాదు, తడిబట్ట పిండినట్టు పేగుల్ని పట్టుకుని మెలితిప్పేది. విరేచనం కావడం కూడా కష్టమైపోయింది. మా వాడకట్టు డాక్టర్ గ్యాస్ అన్నాడు. గోళీలు మింగాను. వాము నమిలాను. మా అత్త నిమ్మకాయలతో దిష్టి తీసింది. నిమ్మకాయలు ఎండిపోయాయి గానీ నొప్పి పోలేదు.

మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినని ఇల్లు మా దగ్గర ఉండదు. మా పెద్ద చెరువు చేప కోసం శ్రీను తెల్లారకముందే పోయి పెద్ద బొచ్చె చేప తెచ్చాడు. నా భార్య లలిత చింతపులుసు పోసి వండింది. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో కడుపులో దేవింది. పళ్లెం అవతలికి తోశాను. తోసింది కొంచెమే అనుకున్నాను, అది పోయి గోడకు తగిలింది. పులుసంతా చిందింది.

నాకు కోపం ఎక్కువే, కాదనను. కానీ ఆ రోజుల్లో వచ్చిన కోపం నాది కాదు. ఎవరు మాట్లాడినా చెవిలో రంపం పెట్టినట్టుండేది. నిద్ర లేదు. మొహం పాలిపోయింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయి గ్లాసు జారిపోయేది. ఇవన్నీ కలిపి చూస్తే ఏ భార్యకైనా ఏమనిపిస్తుంది? లలిత దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది.

"ఎక్కడ తాగుతున్నవ్? నిజం చెప్పు," అంది.

"తాగుతలేనే. నీ మీద ఒట్టు."

"తాగనోని చెయ్యి గట్లెందుకు వణుకుతది? నా మీద ఎందుకు ఒట్టు, నీ మీదనే వేసుకో."

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను పాలు కూడా తాగలేకపోతున్నాను, ఆ సంగతి ఎవరికి చెప్పాలి? ఆ తర్వాత కొన్ని రోజులు శ్రీను పని దిగాక నా వెనకాలే బండి మీద వచ్చేవాడు. వాళ్లక్క పెట్టిన కాపలా అని తర్వాత తెలిసింది. ఒకరోజు వాడు ఇంటికొచ్చి లలితతో చెబుతుంటే విన్నాను.

"బావ ఏడికీ పోతలేడక్కా. తొవ్వల రెండుసార్లు బండి ఆపి కడుపు పట్టుకొని కూసున్నడు. తాగినోడు గట్ల కూసోడు."

ఆ మాట విన్నాక లలిత నన్ను అనుమానించడం మానేసింది, భయపడటం మొదలుపెట్టింది. నాకైతే అనుమానమే నయమనిపించింది. దానికి ఎదురు తిట్టొచ్చు. భయపడుతున్న మనిషిని ఏమనగలం?

ఆషాఢంలో, ఊళ్లో బోనాలకు ఇళ్లకు సున్నాలు వేస్తున్నప్పుడు మేం దవాఖానల చుట్టూ తిరుగుతున్నాం. స్కానింగు తీశారు, గొట్టం వేసి చూశారు. అన్నీ నార్మల్ అన్నారు. ఆ నార్మల్ అనే మాట నా చెవిన పడితే ఒళ్లు మండేది. అన్నీ నార్మల్ అయితే నేనెందుకు ఇలా ఉన్నాను? చివరికి సాగర్ రోడ్డు బస్సు పట్టుకుని నగరంలోని పెద్ద సర్కారు దవాఖానకు పోయాం.

అక్కడ వరుసలో మనుషులకన్నా ముందు చెప్పులు నిలబడతాయి. నిలబడలేనివాళ్లు చెప్పులు వదిలి గోడవారన కూలబడతారు. నా చెప్పులు కూడా పెట్టి నేల మీద ముడుచుకుని పడుకున్నాను. తలుపు తెరిచినప్పుడల్లా మా వెనకనున్న ఒక ముసలమ్మ లేచి తన చెప్పులతోపాటు నా చెప్పులను కూడా కర్రతో ముందుకు జరిపేది. ఆమె ఎవరో తెలియదు. లలిత దండం పెడితే "గీ దానికేం బిడ్డా, కర్ర ఉండె, జరిపిన" అంది. ఆ రోజంతటిలో నాకు ధైర్యం కలిగింది అప్పుడే.

లోపల చిన్న వయసు డాక్టరమ్మ. కాగితాలన్నీ తిరగేసి పక్కన పెట్టింది.

"ఏం పని చేస్తావు?"

అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. చెప్పాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని నా కింది పెదవి లాగి టార్చి వేసి చూసింది. చిగుళ్ల మీద నీలిగీత ఉందట. చెయ్యి ముందుకు చాపి మణికట్టు పైకెత్తమంది. నేను ఎత్తలేకపోయాను.

"మీ కంపెనీలో రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేస్తారా?"

"లేదు మేడం. బెల్లం ఇస్తరు."

ఆమె టార్చి ఆర్పి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "ఎక్కడ తింటారు ఆ బెల్లం?"

"పనికాడనే."

"చేతులు కడుక్కుని?"

నేను నా చేతులు చూసుకున్నాను. లలిత కూడా నా చేతులే చూసింది.

పరీక్షలో సీసం బయటపడింది, చాలా ఎక్కువగా. పేగులను, నరాలను, రక్తాన్ని, మనిషి కోపతాపాలను కూడా అదే పట్టుకుని ఆడిస్తుందట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా దొంగ నా ఎముకల్లోనే కాపురం పెట్టాడు. వార్డులో పడుకోబెట్టి సీసాన్ని బయటకు లాగే మందు ఎక్కించారు. డాక్టరమ్మ వెళ్లబోతూ ఆగి ఇంకో మాట అడిగింది, "ఇంట్లో నీ పని బట్టలు ఎవరు ఉతుకుతారు?" లలిత చెయ్యెత్తింది, బడిలో పిల్ల చెయ్యెత్తినట్టు. ఆమె రక్తం కూడా తీశారు. ఆ ఫలితం వచ్చేదాకా నేను పడ్డ భయం నా జబ్బుకు కూడా పడలేదు. కొంచెం ఉంది కానీ మందు అక్కర్లేదు, ఆ బట్టలు ఇంటికి రాకుంటే అదే తగ్గుతుందన్నారు. లలిత నవ్వింది. నేను మొహం గోడకు తిప్పుకుని ఏడ్చాను.

కడుపునొప్పి తగ్గుముఖం పట్టిన రోజు మల్లన్న చూడటానికి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. మంచం పక్కన కూర్చుని విప్పాడు. బెల్లం!

"ఎర్రగున్న మంచి గడ్డ ఏరి తెచ్చిన. జర నోట్ల వేసుకో, సత్తువ వస్తది."

చెప్పకుండా ఉందామనుకున్నాను. ఆ మనిషి ఎండలో మూడు బస్సులు మారి వచ్చాడు. కానీ మర్నాడు మళ్లీ షెడ్డులో పంచేది ఆయనే. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. బెల్లం తప్పు కాదు అన్నా, మన చేతులది, ఆ సీసం పొడిది, రక్తం చూడనివాళ్లది అన్నాను. ఆయనకు చివరి మాటలు వినబడలేదు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా చేతుల్తోని పెట్టిన కదరా యాదగిరీ. ఒక్కొక్కనికి పిలిచి పిలిచి పెట్టిన."

పొట్లం మళ్లీ కట్టి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలిచాను గానీ ఆగలేదు. ఆయన వీపు చూస్తుంటేనే నాలో ఏదో గట్టిపడింది. నేను బాగైతే చాలనుకున్నవాణ్ని, అది చాలదనిపించింది.

ఇంటికొచ్చాక ముందు కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. "నీ దవాఖాన సంగతి మేం చూసుకుంటం, నువ్వు ఊకో" అన్నాడు. "నా సంగతి అయిపోయింది. షెడ్డుల అందరి రక్తం చూడుర్రి, ఊకుంట" అన్నాను. పెట్టేశాడు. మేనేజర్ మాట ఇంకా మెత్తగా ఉంది. నా జబ్బు ముందునుంచీ ఉన్నదేమో, నేను గుర్తు తెచ్చుకోవాలట. "సార్, నన్ను పనిల పెట్టుకునేటప్పుడు మీరు చూస్తే మీ దగ్గరే గుర్తుండేది" అన్నాను.

ఈ జబ్బు కనిపిస్తే డాక్టర్లు సర్కారుకు తెలపాలని చట్టమే ఉందట. డాక్టరమ్మ తెలిపింది. అయినా నేను ఇంట్లో కూర్చోలేదు. కర్మాగారాలను తనిఖీ చేసే ఆఫీసుకు లలితను వెంటబెట్టుకుని పోయాను. అక్కడి అధికారి విన్నాడు. ఆయన చెప్పింది నాకు కంఠతా వచ్చింది, మీకోసం రాస్తున్నాను. ఇలాంటి పనిలో మనిషిని పెట్టేముందే పరీక్ష చేయించాలి. పనిలో ఉన్నంతకాలం ఏడాదికి ఒకసారైనా చేయిస్తూ ఉండాలి. ఖర్చు యజమానిదే. ఫలితం కార్మికుడికి చెప్పాలి, దాచకూడదు. సీసం ఎక్కువని తేలితే ఆ పని నుంచి తీసి వేరే పనిలో పెట్టాలి.

"మేం కాంట్రాక్టు వాళ్లం సార్," అన్నాను.

"జీతమిచ్చే చెయ్యి ఎవరిదైనా షెడ్డులో గాలి ఒకటే కదా. షెడ్డు నడిపేవాడిదే బాధ్యత," అన్నాడు.

ఆ మాట మేనేజర్‌కు ఎప్పుడో తెలుసు. మాకే తెలియదు. నాకు అదే మండుతుంది ఇప్పటికీ.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. తనిఖీ వస్తుందని తెలియగానే శ్రీను వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ రోగం తెచ్చి మా కడుపు మీద కొట్టకు బావా. షెడ్డు మూస్తరట. సీసం ఉన్నోన్ని ఇంటికి పంపుతరట."

"ఎవలన్నరు?"

"కాంట్రాక్టర్ మనిషి అన్నడు. స్వప్నకు ఏడో నెల. ఇప్పుడు పని పోతే నేనేం చెయ్యాలె? నాకేం రోగం లేదు. గింత బండ ఎత్తమను, ఎత్తుత. నీకు పడలేదు, నీ ఒళ్లు గట్లాంటిది."

"పరీక్ష చేయించుకో శ్రీను. ఒక్క సూది."

"చేయించుకోను," అని వెళ్లిపోయాడు. వాడిని ఆ పనిలో పెట్టించింది నేనే. నాకు సీసం కన్నా అటు తిరిగిన వాడి వీపే ఎక్కువ నొప్పి పుట్టించింది. లలిత నా వైపా, తమ్ముడి వైపా తేల్చుకోలేక ఆ రోజు కూర ఉప్పు వేయకుండానే వండింది. ఇద్దరం అలాగే తిన్నాం.

ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మకు తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయా అని మాట్లాడుకునే రోజుల్లో పరీక్ష జరిగింది. షెడ్డు ముందు టెంటు వేశారు. రక్తం తీసే అమ్మాయిలు ఇద్దరు కూర్చున్నారు. అధికారి వచ్చాడు. నన్ను కూడా రమ్మన్నారు, పోయాను. మావాళ్లు నలభై అడుగుల అవతల గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒక్కరు కదలలేదు. శ్రీను నా వైపు చూడలేదు.

నేను మేనేజర్ దగ్గరికి పోయాను. "సార్, సీసం ఉన్నోన్ని పనిలకెళ్లి తీసెయ్యం, పని మారుస్తం అని మీరు అందరి ముందట చెప్పాలె," అన్నాను.

"అది చట్టంలోనే ఉంది కదయ్యా."

"చట్టం వాళ్లకు వినపడలే. మీ నోటితోని చెప్పుర్రి. చెప్పేదాకా నేనిక్కడి నుంచి కదల."

అధికారి కూడా ఆయన వైపే చూస్తున్నాడు. మేనేజర్ గొంతు సవరించుకుని చెప్పాడు. నేను ఇంకా గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు. అయినా ఎవరూ కదలలేదు. దొరల మాట మీద నమ్మకం అంత తొందరగా రాదు.

అప్పుడు మల్లన్న వచ్చాడు. దవాఖాన నుంచి వెళ్లాక ఆయన బెల్లం పంచడం మానేశాడని విన్నాను. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి టెంటు కింద కుర్చీలో కూర్చున్నాడు.

"ముందుగాల నాది తియ్యి బిడ్డా. అందరికన్న ఎక్కువేండ్ల నుంచి తింటున్నది నేనే," అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "నేను పెట్టిన బెల్లం కాదనకుంట తిన్నరు కదరా! ఇప్పుడు నేను రమ్మంటున్న, రార్రి," అన్నాడు.

ఒకడు వచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. వరుస కట్టింది. శ్రీను చివరన వచ్చాడు. సూది గుచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు, బండలెత్తే వీరుడు!

ఫలితాలు వచ్చిన రోజు ఎవరిది వారి చేతికే ఇవ్వాలని పట్టుబట్టాను. ఇచ్చారు. మల్లన్నకు ఉంది, నేను భయపడ్డంత లేదు. శ్రీను తన కాగితం తెచ్చి నాకిచ్చాడు. చదివాను. మళ్లీ చదివాను. నేను వార్డులో పడ్డనాటి నా లెక్క కన్నా వాడిదే ఎక్కువ.

వాడు నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. కొత్తగా పెట్టిన నల్లాల దగ్గర గట్టు మీద కూలబడ్డాడు.

"నాకెక్కడా నొస్తలేదు బావా. నిజంగ నొస్తలేదు."

"నొచ్చినంక చూసేది వైద్యం. నొయ్యకముందు చూసేదే పరీక్ష. నాకు చేతులు కాలినంక ఆకులు దొరికినయ్. నీకు ముందే దొరికినయ్. ఫికర్ చెయ్యకు. రేపే దవాఖానకు పోదాం."

వాడు వినడం లేదు. తన చొక్కా చూసుకుంటున్నాడు. జేబు మడతల్లో ఇంకా బూడిదరంగు పొడి ఉంది.

"బావా, ఈ బట్టలు స్వప్ననే ఉతుకుతది," అన్నాడు.

నేను వాడి చెయ్యి పట్టుకుని లేపాను. కుడిచేత్తోనే లేపాను, అది పట్టింది. ఇద్దరం మేనేజర్ గదికి పోయాం. ఇంకొక మనిషికి పరీక్ష చేయించాలని చెప్పాను. ఆయన ఎవరని అడిగాడు. చెప్పాను.

"ఆమె మా దగ్గర పనిచెయ్యదు కదయ్యా."

"మీ దుమ్ము ఆమె దాంక పోయింది సార్. మీ పరీక్ష కూడ పోవాలె."

ఆయన నా వైపు చూశాడు, శ్రీను చొక్కా వైపు చూశాడు. ఫోన్ తీసుకున్నాడు. ఆయన అవతల రక్తపరీక్ష చేసేవాళ్లకు స్వప్న పేరు చెప్పి, ఎప్పుడు రమ్మంటారో అడిగేదాకా మేం ఇద్దరం ఆ గదిలోంచి కదలలేదు.